మడ్ మోటార్ స్పెక్ షీట్ చదవడం ఎలా, సరైన మోటార్ ఎంచుకోవడం ఎలా

వారానికి ఒకసారైనా నా ఫోన్‌కి ఒక ఫొటో వస్తుంది. ఏదో ఒక మడ్ మోటార్ (నేల కింద రాయిని తొలిచే మొనని, అంటే బిట్‌ని, తిప్పే మోటార్) స్పెక్ షీట్, అంటే దాని కొలతలన్నీ రాసిన కాగితం, దాని కింద ఒకే ప్రశ్న: "అన్నా, ఇది తీసుకోవచ్చా?" పంపేవాళ్లలో ఎక్కువమంది గచ్చిబౌలి వైపో, శామీర్‌పేట వైపో రోడ్డు కింద నుంచి కేబుల్, గ్యాస్ పైపు లాగే హెచ్‌డీడీ (హారిజాంటల్ డైరెక్షనల్ డ్రిల్లింగ్) మెషిన్ల దగ్గర పనిచేసే కుర్రాళ్లు. మిగతావాళ్లు పెట్రోలియం ఇంజినీరింగ్ చదివి రాజమండ్రి రిగ్గుల మీదకో గల్ఫ్‌కో బయలుదేరుతున్న పిల్లలు.

ఒక్క షీట్ చూసి ఆ ప్రశ్నకు ఎవరూ జవాబు చెప్పలేరు. అందుకే నేను తిరిగి అడుగుతాను. మీ పంపు నిమిషానికి ఎన్ని లీటర్లు ఇస్తుంది? హోల్ సైజు ఎంత? కింద ఏం రాయి? ఏ బిట్ వాడుతున్నారు? మడ్‌లో, అంటే డ్రిల్లింగ్‌కి పైపు గుండా పంపే ద్రవంలో, ఏం కలుపుతున్నారు, కింద వేడి ఎంత? ఈ ఐదింటికీ జవాబు ఉంటే షీట్ చదవడం పావుగంట పని. అవి లేకుండా షీట్ మీద కనబడే పెద్ద టార్క్ (తిప్పే బలం) అంకె చూసి మోటార్ అద్దెకు తీసుకుంటే, డబ్బు పోయేది నేల కిందే.

హైదరాబాద్‌లో ఈ విషయం తెలిసి ఉండటం మరీ అవసరం. మన ఊరు కూర్చున్నది గ్రానైట్ మీద. పైన కాస్త మొరం, మధ్యలో గుండ్లు, ఆ కింద షీట్ రాక్, అంటే ఏకంగా పరుచుకున్న గట్టి రాయి. గట్టి గ్రానైట్ నలిగే బలం 100 మెగాపాస్కల్ దాటడం మామూలే. మెత్తటి మట్టిలో వంకర మూతి బిట్‌ని నెట్టి తిప్పుకుంటూ పోయే పద్ధతి ఇక్కడ కొన్ని మీటర్లకే ఆగిపోతుంది. అక్కడి నుంచి మడ్ మోటార్ కావాలి.

మోటార్ లోపల ఏం జరుగుతుందో ముందు కళ్లకు కట్టాలి

అపార్ట్‌మెంట్ ఎస్టీపీల్లో బురద తోడే స్క్రూ పంపు చూసే ఉంటారు. రబ్బరు గొట్టంలో మెలి తిరిగిన ఇనుప కడ్డీ ఉంటుంది. కడ్డీని కరెంటు మోటార్ తిప్పితే బురద ముందుకు కదులుతుంది. ఫ్రెంచ్ ఇంజినీరు రెనే మోయినో 1930ల మొదట్లో ఇచ్చిన ఆలోచన అది. మడ్ మోటార్ దాన్ని తిరగేసి వాడుతుంది. ఇక్కడ మనం పై నుంచి మడ్‌ని బలంగా పంపుతాం, ఆ మడ్ వెళ్తూ వెళ్తూ కడ్డీని తిప్పుతుంది. కడ్డీ పేరు రోటర్. బయట ఉన్న రబ్బరు అచ్చు గొట్టం స్టేటర్. రోటర్ తిరుగుడు ఒక జాయింటు ద్వారా కిందికి దిగి, బేరింగుల మధ్య ఉన్న షాఫ్ట్‌ని, దాని చివర బిట్‌ని తిప్పుతుంది. పైప్ తిరగకపోయినా బిట్ తిరుగుతుంది. దిశ మార్చగలగడానికి ఇదే ఆధారం.

దీని నుంచి రెండు మాటలు గట్టిగా పట్టుకోండి. బిట్ ఎంత వేగంగా తిరగాలో నిర్ణయించేది మీరు పంపే నీళ్లు. ఎంత బలంగా తిరగాలో నిర్ణయించేది మోటార్ మీద పడే ప్రెషర్ తేడా. పంపు పెంచితే టార్క్ పెరుగుతుందని చాలామంది అనుకుంటారు. పంపు పెంచితే పెరిగేది వేగం. బిట్‌ని రాయికి ఆనించి బరువు వేసినప్పుడు ప్రెషర్ లేస్తుంది, అప్పుడు టార్క్ వస్తుంది.

షీట్ పైవరస: సైజు, లోబులు, స్టేజీలు

షీట్ పైన "6¾, 7:8, 5.0" లాంటి వరస కనిపిస్తుంది. మొదటిది మోటార్ వెలుపలి వ్యాసం, అంగుళాల్లో. రెండోది లోబుల లెక్క. రోటర్‌ని అడ్డంగా కోస్తే పువ్వు రేకుల్లా కనిపించే ఉబ్బుల సంఖ్య ముందుది, స్టేటర్‌లో అవే ఉబ్బుల సంఖ్య వెనకది. స్టేటర్‌కి ఎప్పుడూ ఒకటి ఎక్కువే ఉంటుంది. మూడోది స్టేజీలు, అంటే స్టేటర్ మెలిక మొత్తం ఎన్ని చుట్లు తిరిగిందో.

లోబులు తక్కువైతే వేగం ఎక్కువ, టార్క్ తక్కువ. లోబులు పెరిగే కొద్దీ నిదానంగా, బలంగా తిరుగుతుంది. 1:2 మోటార్ పందెం గుర్రం, 7:8 మోటార్ బండి లాగే ఎద్దు. స్టేజీలు పెరిగితే మోటార్ ఓర్చుకునే ప్రెషర్ పెరుగుతుంది, దానితోపాటు గరిష్ఠ టార్క్ కూడా. మామూలు రబ్బరు మోటార్లలో ఒక్కో స్టేజీకి సుమారు 150 పీఎస్ఐ (ప్రెషర్ కొలత) అని పాత లెక్క. 5 స్టేజీలంటే 750. కొత్త రకం గట్టి రబ్బర్లు, రబ్బరు మందం అన్నిచోట్లా సమానంగా ఉండే స్టేటర్లు ఇంతకంటే ఎక్కువే మోస్తాయి. కాబట్టి చివరి మాట షీట్‌దే.

స్టేజీలు పెంచితే మోటార్ పొడవూ పెరుగుతుంది. చిన్న హెచ్‌డీడీ మెషిన్ ముందు పొడవాటి మోటార్ పెట్టి బిగించడానికి చోటు చాలక తంటాలు పడ్డవాళ్లని చూశాను. మెషిన్ ముందున్న గొయ్యి (పిట్) దగ్గర టేపు పట్టి కొలుచుకోండి.

హోల్ సైజుకి మోటార్ సైజు జతచేయడం పెద్ద కష్టం కాదు. 6 అంగుళాల చుట్టుపక్కల హోల్‌కి 4¾ మోటార్, 8½కి 6¾, 12¼కి 8 అంగుళాలది లేదా 9⅝. మోటార్ చుట్టూ కటింగ్స్, అంటే తొలిచిన రాయి ముక్కలు, పైకి రావడానికి దారి మిగలాలి, అంతే.

అసలు అడుగు: మీ పంపుతో మొదలుపెట్టండి

షీట్‌లో ఫ్లో రేంజ్ అని ఉంటుంది, అంటే మోటార్ గుండా నిమిషానికి ఎంత నుంచి ఎంత దాకా మడ్ పంపవచ్చో. 4¾ మోటార్లలో చాలా వాటికి నిమిషానికి 100 నుంచి 250 అమెరికన్ గ్యాలన్లు, అంటే సుమారు 380 నుంచి 950 లీటర్లు. ఇది చదివి కుర్రాళ్లు "మా పంపు 450 లీటర్లది, రేంజ్‌లోనే ఉందిగా" అంటారు. రేంజ్‌లో ఉండటం వేరు, పనికి రావడం వేరు. లెక్క వేసి చూద్దాం.

షీట్‌లో గ్యాలన్‌కి ఇన్ని చుట్లు అని ఒక చిన్న అంకె ఉంటుంది. చాలామంది దాన్ని దాటేస్తారు. నా దృష్టిలో షీట్ మొత్తంలో విలువైన అంకె అదే. ఉదాహరణకి 4¾, 7:8 మోటార్‌కి అది 0.52 అనుకోండి. గ్యాలన్‌కి 3.785 లీటర్లు కాబట్టి లీటర్‌కి 0.137 చుట్లు. మీ పంపు ఇచ్చే 450 లీటర్లతో గుణిస్తే నిమిషానికి 62 చుట్లు. అదీ బిట్ రాయికి తగలనప్పుడు. రాయి మీద బరువు పడ్డాక రబ్బరు అంచుల పక్క నుంచి కొంత మడ్ జారిపోతుంది, వేగం ఇంకో పది శాతం దాకా పడిపోతుంది. 55 అనుకోండి. అదే మోటార్ తన పూర్తి ఫ్లో దగ్గర 130 చుట్లు తిరుగుతుంది. మీరు అద్దె కడుతున్నది 130 తిరిగే మోటార్‌కి, వాడుకుంటున్నది సగం కంటే తక్కువ.

ఇంకో మాట. పంపు ప్లేటు మీద రాసిన 450 లీటర్లు చాలాసార్లు మంచి నీళ్లతో, కొత్త సీల్స్‌తో వచ్చే అంకె. చిక్కటి బెంటోనైట్ (బంకమట్టి) మడ్‌తో, అరిగిన వాల్వులతో అది 380కి కూడా దిగవచ్చు. అప్పుడు మోటార్ తన కింది హద్దు మీద నిలబడుతుంది, కాస్త బరువు వేయగానే ఆగిపోతుంది. కొలవడం చాలా సులభం. 200 లీటర్ల డ్రమ్ము పెట్టండి, ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టండి, పంపు పని చేసే వేగంలో డ్రమ్ము ఎన్ని సెకన్లలో నిండుతుందో చూడండి. 30 సెకన్లయితే 400 లీటర్లు. మోటార్ ఎంపికలో ఇంతకంటే ముఖ్యమైన కొలత లేదు.

నిజంగా వచ్చేది 450 దగ్గరైతే 3¾ సైజు మోటార్ వైపు చూడమంటాను. వాటి ఫ్లో రేంజ్ సాధారణంగా 300 నుంచి 650 లీటర్ల చుట్టుపక్కల ఉంటుంది, మీ పంపు దాని నడిమధ్యలో పడుతుంది. పైలట్ హోల్, అంటే ముందు వేసే సన్నని హోల్, కొంచెం చిన్నదవుతుంది. దాన్ని వెడల్పు చేసే రీమింగ్‌లో అదనంగా ఒక పాస్ పడొచ్చు. అయినా ఆగి ఆగి నడిచే పెద్ద మోటార్ కంటే ఆగకుండా నడిచే చిన్న మోటార్‌తోనే పని ముందు పూర్తవుతుంది.

ఫ్లో ఎక్కువైనా చిక్కే. హోల్ శుభ్రం కావడానికి 600 గ్యాలన్లు కావాలి, మోటార్ హద్దు 500 అనుకోండి. అప్పుడు రోటర్ మధ్యలో రంధ్రం చేసి, నాజిల్ పెట్టి, మిగతా మడ్‌ని దాని గుండా పంపుతారు. అలాంటి రోటర్ దొరుకుతుందా, నాజిల్ సైజు ఎవరు లెక్క వేసి ఇస్తారు, ముందే అడగండి. ఆ నాజిల్ పెట్టాక పంపు తగ్గిస్తే మోటార్‌కి చేరేది మరీ తగ్గిపోతుందని మాత్రం మరచిపోకండి.

టార్క్ లెక్క మీరే వేసుకోండి

షీట్‌లో గరిష్ఠ టార్క్ లావుగా రాసి ఉంటుంది. అది గరిష్ఠ ప్రెషర్ తేడా దగ్గరి టార్క్. అక్కడే రోజంతా నడిపితే రబ్బరు ఎక్కువ కాలం ఉండదు. గరిష్ఠంలో 60 నుంచి 80 శాతం మధ్య పని చేయిస్తామనుకుని లెక్క వేయండి.

లెక్క ఇలా. ఒక చుట్టుకి ఎన్ని లీటర్లు మింగుతుందో తీయండి: 1ని 0.137తో భాగిస్తే 7.3 లీటర్లు. ప్రెషర్ తేడా బార్లలో తీసుకుని, ఆ లీటర్లతో గుణించి, మళ్లీ 15.9తో గుణించండి. 20 బార్ల దగ్గర సుమారు 2300 న్యూటన్ మీటర్లు. ఇది కాగితం మీది అంకె. రాపిడి, జారుడు పోగా నాలుగింట మూడు వంతులు చేతికొస్తుందనుకుంటే 1700 చిల్లర. ఇది షీట్‌లోని గ్రాఫుతో దాదాపు కలవాలి. చాలా తేడాగా ఉంటే మీరు ఎక్కడో యూనిట్లు కలిపేశారన్నమాట. ఆ పొరపాటు అందరూ చేసేదే, మళ్లీ చూడండి. ఒక బార్ 14.5 పీఎస్ఐ, ఒక ఫుట్ పౌండ్ 1.356 న్యూటన్ మీటర్లు.

చమురు బావి లెక్క కూడా ఇదే దారి. 8½ హోల్, 6¾ మోటార్, 7:8, 5 స్టేజీలు, గ్యాలన్‌కి 0.28 చుట్లు, పంపు 500 గ్యాలన్లు. వేగం 140. ప్రెషర్ తేడా 500 పీఎస్ఐ, అంటే గరిష్ఠం 750లో మూడింట రెండు వంతులు. ఫుట్ పౌండ్లలో టార్క్ కావాలంటే ప్రెషర్‌ని 3.064తో గుణించి 0.28తో భాగించండి: 5470 వస్తుంది. నాలుగింట మూడు వంతులు తీసుకుంటే 4100. మీరు అనుకున్న బరువు వేస్తే ఆ బిట్ ఎంత టార్క్ అడుగుతుందో బిట్ వాళ్లు చెబుతారు. వాళ్లు చెప్పింది 4100 లోపు ఉండాలి, అదీ కాస్త ఖాళీ మిగిలేలా.

ఇక గ్రాఫు. కింద గీత మీద ప్రెషర్ తేడా ఉంటుంది. కింది మూల నుంచి ఏటవాలుగా, దాదాపు తిన్నగా పైకి పోయే గీత టార్క్. పై నుంచి మెల్లగా వంగుతూ కిందికి వచ్చే గీతలు వేగం, ఒక్కో ఫ్లోకి ఒక్కో గీత. మీ పంపు ఫ్లోకి దగ్గరి గీతని పెన్సిల్‌తో గుర్తుపెట్టండి. మీ పని ప్రెషర్ దగ్గర స్కేలు నిలువుగా పెట్టి, ఆ గీతని ఎక్కడ తాకుతుందో చూడండి. గీత ఒక్కసారిగా కిందికి జారే చోటు స్టాల్‌కి, అంటే బరువు తట్టుకోలేక మోటార్ ఆగిపోవడానికి, ముంగిలి. మీరు పెట్టిన చుక్క దానికి దూరంగా ఉండాలి.

బిట్ రకాన్ని బట్టి కూడా చూడాలి. పీడీసీ బిట్ (కృత్రిమ వజ్రపు పళ్లది) రాయిని గీకుతుంది, దానికి టార్క్ ఎక్కువ కావాలి, నిదానపు మోటార్ నప్పుతుంది. మన గ్రానైట్‌లో ఎక్కువగా వాడే కార్బైడ్ పళ్ల ట్రైకోన్ బిట్ (మూడు తిరిగే కోన్లు ఉన్నది) రాయిని నలుపుతుంది, దానికి టార్క్ తక్కువ చాలు, బరువు కావాలి. పైగా దాని కోన్ల బేరింగులకి ఎక్కువ వేగం పడదు. అందుకే గ్రానైట్‌లో ట్రైకోన్‌తో వెళ్లేవాళ్లకి వేగం చూపించి అమ్మే మోటార్ వద్దంటాను.

రబ్బరు: మోటార్ బతికేది ఇక్కడే, పోయేది ఇక్కడే

కొన్నేళ్ల కిందట ఊరి చివర ఒక క్రాసింగ్ దగ్గరికి నన్ను పిలిచారు. మోటార్ తిరగడం లేదు, ప్రెషర్ లేవడం లేదు. రీసైక్లర్ (వాడిన మడ్‌ని వడకట్టే మెషిన్) జల్లెడ దగ్గర నిలబడి చూస్తే బూడిద రంగు కటింగ్స్ మధ్య నల్లటి ముక్కలు. ఒకటి చేతిలోకి తీసుకున్నాను. బొటనవేలంత ఉంది, ఒక పక్క నున్నగా, ఇంకో పక్క చింపినట్టు గరుకుగా. గోటితో గుచ్చితే విరుగుతోంది, సాగడం లేదు. స్టేటర్ రబ్బరు అది. లోపల ఉడికి, పెళుసై, పెచ్చులు పెచ్చులుగా ఊడిపోయింది. అడిగితే తెలిసింది, రెండు రోజుల్లో ముప్పై సార్లకు పైగా స్టాల్ చేశారట. స్టాల్ అయిన ప్రతిసారీ బిట్ ఆగిపోయి, మడ్ మాత్రం రబ్బరుని పక్కకి తోసుకుంటూ దూసుకుపోతుంది. పంపు చాలని పెద్ద మోటార్‌తో మొదలైన కథ అది. ఆ పని ఇంకో మోటార్ తెప్పించాకే కదిలింది.

అందుకని రబ్బరు గురించి మోటార్ ఇచ్చేవాళ్లని ఈ ప్రశ్నలు అడగండి.

ఏ రబ్బరు? మామూలు నైట్రైల్, గట్టి నైట్రైల్, ఎక్కువ వేడికి హైడ్రోజన్ చేర్చిన నైట్రైల్ ఉంటాయి. ఎంత వేడి దాకా అని డిగ్రీల్లో రాతపూర్వకంగా తీసుకోండి. హైదరాబాద్ రోడ్ల కింద ఐదు పది మీటర్ల లోతులో వేడి సమస్యే కాదు. కృష్ణా గోదావరి బేసిన్‌లో లోతుకు వెళ్తే 175 డిగ్రీల సెల్సియస్ దాటిన బావులున్నాయి. అక్కడ మోటార్ వాడాలా వద్దా అన్నదే మొదటి ప్రశ్న అవుతుంది.

రోటర్, స్టేటర్ మధ్య బిగువు ఎంత? రోటర్ కొంచెం పెద్దగా, రబ్బరుని నొక్కుతూ ఉంటే ఒత్తిడి జారదు. వేడికి, నూనెకి రబ్బరు ఉబ్బుతుంది. పైన చల్లగా ఉన్నప్పుడు సరిగ్గా ఉన్న బిగువు, కింద వేడిలో ఊపిరాడనంత బిగుసుకుంటుంది. కాబట్టి వేడి బావికి వదులుగా బిగించిన జత, చల్లటి హెచ్‌డీడీ పనికి బిగువైన జత. ఎక్కడో వేడి బావి నుంచి తిరిగొచ్చిన మోటార్‌ని అలాగే మన క్రాసింగ్‌కి పంపితే అది మొదటి మీటర్ నుంచే నీరసంగా ఉంటుంది. సర్వీస్ రిపోర్టులో బిగువు అంకె ఉంటుంది, చూపించమని అడగండి. అడగడానికి మొహమాటం వద్దు.

మడ్‌లో ఏముంది? ఆయిల్ మడ్ అయితే దాని అనిలీన్ పాయింట్ అడగండి. అది తక్కువగా ఉండే నూనె రబ్బరుని ఉబ్బిస్తుంది. అది కింది వేడి కంటే ఎక్కువగా ఉంటే మంచిది. ఉప్పు మడ్ అయితే క్లోరైడ్లు 30,000 పీపీఎం దాటాక రోటర్ మీది క్రోమ్ పూత గుంటలు పడటం మొదలవుతుంది, ఆ గుంటల అంచులు రబ్బరుని కోస్తాయి. అలాంటి చోట టంగ్‌స్టన్ కార్బైడ్ పూత రోటర్ అడగాలి. బెంటోనైట్ మడ్ అయితే ఇసుక చూడండి. వాడిన మడ్‌నే మళ్లీ వాడే హెచ్‌డీడీ పనుల్లో మన గ్రానైట్ పొడి అందులో తిరుగుతూ ఉంటుంది. క్వార్ట్జ్ నిండిన ఆ పొడి రబ్బరుకి గరుకు కాగితంలాంటిది. మడ్‌లో ఇసుక శాతం చూపే గొట్టంతో పూటకోసారి కొలవండి, 1 శాతం లోపు ఉంచడానికి ప్రయత్నించండి. దాటుతుంటే మోటార్ మార్చే ముందు రీసైక్లర్ జల్లెడలు మార్చండి.

బెండ్: ఎంత వంపు కావాలి

మోటార్ నడుములో ఒక కీలు ఉంటుంది, సర్దుకునే బెంట్ హౌసింగ్. దాన్ని 0 నుంచి 3 డిగ్రీల మధ్య కొన్ని మెట్లలో పెట్టుకోవచ్చు: 0.39, 0.78, 1.15, 1.50, 1.83, ఇలా. ఎక్కువ పెడితే ఎక్కువ తిరుగుతుందిలే, పని ఈజీ అవుతుందిలే అనుకోవడం సహజం. కానీ హోల్ తిరిగిన చోట పైపూ తిరగాలి, తర్వాత లాగే స్టీల్ లైనూ తిరగాలి.

స్టీల్ లైనుకి పాతకాలం నుంచి వాడే కొలత, ఒక్కో అంగుళం వ్యాసానికి 100 అడుగుల వంపు వ్యాసార్థం. 8 అంగుళాల లైనుకి 800 అడుగులు, అంటే 244 మీటర్లు. 30 మీటర్లకు సుమారు 7 డిగ్రీలు దాటకూడదన్నమాట. ఇప్పుడు మోటార్ ఎంత తిప్పుతుందో చూడండి. బెండ్ డిగ్రీలని 60తో గుణించి, బిట్ నుంచి బెండ్ దాకా ఉన్న దూరం, బెండ్ నుంచి పైన ఆనుకునే చోటి దాకా ఉన్న దూరం, ఈ రెండు కలిపిన మీటర్లతో భాగించండి. ఆ మొత్తం 7 మీటర్లయితే, 1.5 డిగ్రీల బెండ్ 30 మీటర్లకు దాదాపు 13 డిగ్రీలు తిప్పుతుంది. మన హద్దుకి దాదాపు రెట్టింపు. 0.78 పెడితే 6.7. సరిగ్గా సరిపోయింది. మెత్తటి రాయిలో ఇంత రాకపోవచ్చు, కొన్ని మీటర్లు తిప్పుకుంటూ వెళ్తే సగటు తగ్గుతుంది కూడా. అయినా మొదలు ఈ లెక్కతో పెట్టండి. హెచ్‌డీపీఈ (ప్లాస్టిక్) పైపు ఎక్కువ వంగుతుంది, అక్కడ మీ డ్రిల్ రాడ్ ఎంత వంగగలదన్నదే హద్దు.

బెండ్ పెరిగితే పైప్ తిప్పుతూ డ్రిల్ చేసే వేగానికి షీట్‌లో హద్దు పెడతారు. 2 డిగ్రీలు దాటాక పైప్ అసలు తిప్పొద్దనేవి కూడా ఉన్నాయి. ఆ పట్టిక తప్పకుండా చదవండి. హౌసింగ్ విరిగితే కింది సగం రాయిలోనే ఉండిపోతుంది. అలా విరిగినా కింది భాగం జారిపోకుండా పట్టుకునే క్యాచర్ ఉన్న మోటార్ అడగడం మంచిది.

బేరింగులు, బిట్ నాజిల్స్

బేరింగులు రెండు రకాలు. మడ్‌తోనే తడిసేవి, ఆయిల్ నింపి సీల్ చేసినవి. మొదటి రకంలో మొత్తం మడ్‌లో 4 నుంచి 10 శాతం దాకా బేరింగుల గుండా బయటికి పోతుంది, బిట్‌కి చేరేది ఆ మేరకు తగ్గుతుంది. షీట్‌లో బిట్ దగ్గర ఉండాల్సిన ప్రెషర్ రేంజ్ ఇస్తారు. నాజిల్స్ ఆ రేంజ్‌లో పడేలా పెట్టాలి. నాజిల్స్ మరీ చిన్నవైతే మడ్ బేరింగుల దారి పడుతుంది, మరీ పెద్దవైతే బేరింగులకి తగినంత చేరదు. బిట్ మీద వేయగల గరిష్ఠ బరువు, ఇరుక్కున్నప్పుడు లాగగల గరిష్ఠ బలం కూడా ఇక్కడే ఉంటాయి. ఆ రెండు అంకెల్నీ డ్రిల్లర్ కేబిన్‌లో కాగితం మీద రాసి అంటించండి.

థ్రెడ్లు సరిపోతున్నాయో లేదో బండి ఎక్కించక ముందే చూడండి. 4¾ మోటార్ బిట్ బాక్స్ సాధారణంగా 3½ రెగ్యులర్, 6¾ది 4½ రెగ్యులర్ (థ్రెడ్ రకం పేరు అది). హెచ్‌డీడీ రాడ్‌ల థ్రెడ్ కంపెనీకో రకం. రెండు రకాల థ్రెడ్లని కలిపే ఒక్క క్రాస్ఓవర్ సబ్ లేక మెషిన్, మనుషులు, ట్రాఫిక్ పర్మిషన్ అన్నీ రెడీగా ఉండి రాత్రంతా కూర్చోవాల్సి వస్తే ఎంత టెన్షనో పడ్డవాళ్లకే తెలుసు.

మోటార్ దింపాక

దించే ముందు మోటార్‌ని పైన ఒకసారి తిప్పి చూడండి. తక్కువ ఫ్లోతో మొదలుపెట్టి, బిట్ బాక్స్ తిరగడం మొదలైన ఫ్లో, అప్పటి ప్రెషర్ రాసుకోండి. బేరింగ్ ఆట, అంటే బేరింగుల్లో ఉన్న వదులు, కొలవండి: బరువు మోపినప్పుడు ఒకసారి, వేలాడినప్పుడు ఒకసారి బిట్ బాక్స్‌కి, హౌసింగ్‌కి మధ్య సందుని స్టీల్ స్కేలుతో చూస్తే తేడా వస్తుంది.

కిందికి చేరాక బిట్‌ని రాయికి తగలనివ్వకుండా పని ఫ్లో పెట్టి స్టాండ్‌పైప్ ప్రెషర్, అంటే పైన గేజ్ చూపే పంపు ప్రెషర్, చూడండి. 48 బార్లు అనుకుందాం. ఇదే మీ సున్నా. మెల్లగా ఆనించి బరువు వేయండి. గేజ్ 64 చూపిస్తే మోటార్ మీద తేడా 16. ఇందాకటి లెక్కల్లోని ప్రెషర్ తేడా ఇదే. లోతు పెరిగే కొద్దీ, మడ్ మారే కొద్దీ సున్నా కూడా మారుతుంది, ప్రతి రాడ్ దగ్గరా కొత్త సున్నా తీసుకోండి. పాత సున్నాతో లెక్క చూసుకుంటూ తెలియకుండానే హద్దు దాటించడం నేను ఎక్కువగా చూసిన తప్పు.

స్టాల్ అయితే గేజ్ ఒక్కసారిగా ఎగురుతుంది, ముందుకు కదలడం ఆగిపోతుంది. చెయ్యి వెంటనే వెనక్కి లాగే లివర్ మీదకి పోతుంది. ఆగండి. ముందు పైప్ తిప్పడం ఆపి పంపు తగ్గించండి. పైప్‌లో చిక్కుకున్న మెలికని నిదానంగా వదలండి. ఆ తర్వాతే బిట్‌ని రాయి నుంచి ఎత్తండి. పూర్తి ప్రెషర్‌లో ఎత్తితే బిట్ ఒక్కసారిగా విడిపోయి తిరుగుతుంది, ఆ దెబ్బ జాయింట్ల మీద, రబ్బరు మీద పడుతుంది. గంటలో రెండు మూడు సార్లు స్టాల్ అవుతుంటే బరువు తగ్గించండి. అప్పటికీ ఆగకపోతే డ్రమ్ము, స్టాప్‌వాచ్ తెచ్చి పంపుని మళ్లీ కొలవండి.

మోటార్ బయటికి తీశాక లోపల బెంటోనైట్ గడ్డకట్టక ముందే మంచి నీళ్లతో కడగండి. బేరింగ్ ఆటని అదే స్కేలుతో, అదే చోట కొలిచి పాత అంకె పక్కన రాయండి. ఎన్ని గంటలు తిరిగింది, ఎన్నిసార్లు స్టాల్ అయింది, ఏ రాయిలో ఎన్ని మీటర్లు అన్నది ఒక పేజీలో పెట్టండి. జల్లెడ మీద రబ్బరు ముక్క ఏదైనా దొరికితే దాన్ని కవర్లో వేసి, ఎన్నో మీటర్ దగ్గర దొరికిందో మార్కర్‌తో రాసి, మోటార్‌తో పాటు సర్వీస్ షాపుకి పంపండి.